పూత మీద పీకిన మొక్కలు

కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో తేజస్వినిని పేరుపెట్టి ఎవరూ పిలవరు. "పద్నాలుగు సున్నా నాలుగు" అంటారు. అది ఆమె, ఆమె భర్త నవీన్ కలిసి బుక్ చేసుకున్న ఫ్లాటు నంబరు. నానక్‌రామ్‌గూడ దాటాక రాతిగుట్టల మధ్య లేస్తున్న మూడు టవర్లలో చివరి దాన్లో, పద్నాలుగో అంతస్తు. ఆగస్టు మొదటి వారంలో ఒకాయన గ్రూపులో రాశాడు: "పద్నాలుగు సున్నా నాలుగు వాళ్ళకి గడ్డి మీదున్న ప్రేమ మన పిల్లల మీద లేదు." దాని కింద నూట పన్నెండు బొటనవేళ్ళు లేచాయి. అందులో నవీన్ వేలు కూడా ఉందేమోనని ఆమె పేర్లన్నీ చివరిదాకా జరుపుకుంటూ చూసింది. లేదు. లేనందుకు కలిగిన ఊరటకు ఆమెకే సిగ్గేసింది.

తేజస్విని బాలానగర్ పిల్ల. తండ్రి అక్కడి వర్క్‌షాపులో లేతు మిషను ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను పక్కన పారేసే మనిషి. కూతురికి మెడిసిన్ సీటు రాక బాటనీలో చేరితే చుట్టాలు పూలకొట్టు ఎక్కడ పెడుతున్నావని అడిగారు. ఆమె పట్టించుకోకుండా పీహెచ్‌డీ దాకా చదివింది. ఇప్పుడు బాచుపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. ప్రగతి నగర్‌లో కిరాయి ఇల్లు. నవీన్‌ది అనంతపురం వైపు, ఆఫీసు గచ్చిబౌలిలో. పోనూ రానూ మూడు గంటలు రోడ్డు పాలే. పాప హర్షిణి తండ్రిని మెలకువగా చూసేది శని, ఆదివారాలే. ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు కావాలనుకున్నది ఆ పిల్ల కోసమే.

నిరుడు వానాకాలంలో సైటు చూడటానికి ముగ్గురూ వెళ్ళారు. రెండు టవర్ల మధ్య ఇంకా పగలగొట్టని పెద్ద బండ ఒకటి మిగిలి ఉంది. బ్రోచరులో ఆ చోట క్లబ్ హౌసు బొమ్మ. నవీన్ పాపను ఎత్తుకుని, మన బాల్కనీ అదిగో అని గాలిలోకి చూపిస్తుంటే తేజస్విని బండెక్కింది. పైన వాననీళ్ళు నిలిచిన దొనలు, అంటే అరచేతి లోతు రాతిగుంటలు, ఐదారు ఉన్నాయి. ఒక దొన అంచున వేలెడు కూడా లేని మొక్కలు. ఎర్రటి కాడ, ఎదురెదురు ఆకులు, ఆకు మొదట్లో బియ్యపు గింజంత గులాబి పువ్వు. చేతిసంచిలోని భూతద్దం తీసి చూసింది. నాలుగు రేకులు, ప్రతి రేకు అంచునా సన్నని కుచ్చు. అలాంటి దొనల్లో పెరిగే మొక్కల్లో ఆమెకు తెలిసినవాటికి వేటికీ ఈ కాడా, ఈ ఆకూ, ఈ కుచ్చూ కలిసి లేవు.

కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే సాక్ష్యంగా అసలు మొక్కనే ఎండబెట్టి, అట్టకు అతికించి, భద్రపరచాలి. పువ్వు మీదున్నప్పుడే తియ్యాలి, వేళ్ళతో సహా తియ్యాలి, ఒక షీటు కాదు, నాలుగు చోట్లకు నాలుగు షీట్లు పంపాలి. ఆమె గురువు పార్థసారథి నేర్పిన పద్ధతి అది. మొక్క చిన్నదైతే షీటు బోసిగా కనపడకుండా ఒక్కోదాని మీద పదహారు పెట్టాలి. కింద పాప ఏడుపు మొదలుపెట్టింది, మబ్బు కమ్మింది, వచ్చే వారానికి ఈ బండ ఉంటుందో లేదో తెలియదు. దొనలో మొత్తం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకుండానే ఆమె పీకడం మొదలుపెట్టింది. రెండు కవర్లు నింపుకుని దిగుతుంటే గేటు దగ్గర వాచ్‌మన్ వీరేశం అడిగాడు, అది ఏం కూర అని. నవీన్ పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత ఏడాదంతా ఆ మొక్కల చుట్టే గడిచింది. మొదట్లో రోజూ పొద్దున్నే మొక్కల తడి పీల్చే కాగితాలు మార్చడం, తర్వాత సూక్ష్మదర్శిని కింద రేకులు విప్పడం, ఎండు మొక్కలు భద్రపరిచే పాత హెర్బేరియంలలోని షీట్ల ఫొటోలతో పోల్చడం. పాపను ప్లేస్కూల్లో దింపి, కాలేజీ ల్యాబులో దొరికిన గంటలోనే చేసేది. అవి నిజంగా కొత్తవే. పేపరు సగం రాసింది. మిగిలింది సంరక్షణ స్థితి, అంటే ఈ జాతి ఎంత ప్రమాదంలో ఉందో ప్రమాణాల ప్రకారం తేల్చి చెప్పే భాగం. దాని కోసం ఈ జూలైలో మళ్ళీ బండెక్కింది. ఈసారి ఒక్కో మొక్క పక్కన అగ్గిపుల్ల పెడుతూ లెక్కించింది. నలభై ఏడు.

మూడుసార్లు లెక్కించినా నలభై ఏడే. చుట్టుపక్కల పదకొండు గుట్టలు తిరిగింది, ఒక్కటి దొరకలేదు. నిరుడు ఆ ఒక్క దొన అంచునే ఒత్తుగా పరుచుకున్న పచ్చదనం గుర్తొచ్చింది. కారణం కూడా అక్కడే అర్థమైంది. ఇవి ఏడాది మొక్కలు. గింజ రాలితేనే మరుసటి వానకు మొక్క. తను పువ్వు మీదుండగా పీకింది, కాయ పండకముందే. అరవై నాలుగు మొక్కలు ఒక్క గింజ కూడా రాల్చకుండా అట్టల మీదికెక్కాయి.

అయినా అదే వారం ఆమె పర్యావరణ అనుమతుల కమిటీకి అభ్యంతరం రాసింది, ఈ బండను పగలగొట్టొద్దని. ప్రచురించిన ఆధారం చూపమని కమిటీ అడిగింది. కాపీ బిల్డరుకు వెళ్ళింది. బిల్డరు నుంచి గ్రూపుకు చేరడానికి గంట పట్టలేదు.

ఆదివారం సైటాఫీసులో మీటింగు పెట్టారు. కొనుగోలుదారుల సంఘం అధ్యక్షుడు గిరీష్ పెద్ద కంపెనీలో మేనేజరు. గొంతు పెంచని మనిషి. అందరికీ టీ ఇప్పించి, తేజస్విని వైపు తిరిగి మర్యాదగా అన్నాడు: "మేడం, అంత అరుదైన మొక్కయితే మీ ఇంట్లో కుండీలో పెట్టుకోండి. మా పిల్లల స్విమ్మింగ్ పూల్ మాకొదిలేయండి."

నవ్వులు. ఆమె వివరించబోయింది, ఆ దొన, ఆ రాయి, ఆ నాలుగు నెలల నీళ్ళు కుండీలో రావని. ఎవరూ వినలేదు. తలుపు దగ్గర నిలబడ్డ వీరేశం మాత్రం ఆమెనే చూస్తున్నాడు. అతను ఆ ఊరివాడే. పోయిన ఎండాకాలంలో ఏదో అభ్యంతరంతో పని రెండు నెలలు ఆగితే అతని తమ్ముడితో సహా ఎనిమిది మంది వాచ్‌మన్లను ఇంటికి పంపారు.

"సారు, జర నన్ను గూడ మాట్లాడనియ్యిండ్రి," అన్నాడు. "మొక్కల సంగతి నాకు తెల్వది. కానీ పోయినేడు గీ అమ్మనే రెండు కవర్లు నింపుకొని పోయింది. నా కండ్లతోని చూసిన. పీకినోళ్ళే వచ్చి లేవు లేవంటే ఎట్ల? ఇగ మా కడుపులు కొడతదా?"

గిరీష్ టీ కప్పు కింద పెట్టాడు. "నిజమా మేడం?"

"నమూనాలు తీసుకున్నాను."

"ఎన్ని?"

"అవసరమైనన్ని," అంది తేజస్విని.

ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి ఆ ఒక్క మాటే గ్రూపు నిండా. అవసరమైనన్ని క్షమాపణలు, అవసరమైనన్ని వాయిదాలు అని జోకులు. మధ్యలో ఒకావిడ నవ్వు బొమ్మ పెట్టి మరీ రాసింది: "వాళ్ళ పాప ప్రగతి నగర్‌లో ఏ ప్లేస్కూలుకెళ్తుందో మా కజిన్‌కి తెలుసు." అంతే. బెదిరింపు కాదు, ఏమీ కాదు. మర్నాడు తేజస్విని కాలేజీకి సెలవు పెట్టి, ప్లేస్కూలు ఆయమ్మకు తన ఫొటో, నవీన్ ఫొటో ఇచ్చి, ఈ ఇద్దరికి తప్ప పాపను ఎవరికీ ఇవ్వొద్దని మూడుసార్లు చెప్పింది. వారం రోజులు గేటు ఎదుటి చెప్పుల కొట్టు నీడలో నిలబడి లోపలికెళ్ళే ప్రతి ముఖాన్నీ చూసింది.

పార్థసారథి ఫోన్ చేశాడు. పేపరులో ఆయన పేరూ ఉంది. వీడియో ఆయనదాకా వచ్చింది. కోపంగా లేడు, విసుగ్గా ఉన్నాడు. 'తగిన నమూనాలు సేకరించడమైనది' అని రాసి ఊరుకోమన్నాడు. అంకె వేస్తే బిల్డరు లాయరు దాన్నే పట్టుకుంటాడు, బండ పోతుంది, బండతో మొక్కా పోతుంది అన్నాడు.

"షీటు మీద మొక్కలు ఎవరు లెక్కపెడతారమ్మా? నేను నలభై ఏళ్ళుగా పీకుతున్నాను. నన్నెవరూ అడగలేదు."

"మనం రాయం కాబట్టి అడగలేదు సార్."

"అంటే నన్ను దొంగనంటున్నారన్నమాట. మంచిదండీ. ఆ అంకె వేస్తే నా పేరు తీసెయ్యండి."

ఆమెను అప్పటిదాకా 'అమ్మా, నువ్వు' అన్న మనిషి చివరి మాటలో 'అండీ' అన్నాడు. తలుపు మూసినట్టే వినపడింది.

నవీన్‌ది ఇంకో రకం దెబ్బ. శనివారం పాపకు అన్నం పెడుతూ, తలెత్తకుండా అన్నాడు: "రాయి తేజా. అరవై నాలుగు నేనే పీకినానని రాసెయ్. ఆ సారు చెప్పింది నిజమే కదా, నీ కేసు పోతాది. టవరు లేస్తాది. మనమూ మనుషుల్లో పడతాం."

ఆమె అతని వైపు చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. నిజం రాస్తే మొక్క శత్రువులు గెలుస్తారు. దాస్తే మొక్క బతకొచ్చు. ఇంట్లోనూ బయటా ఆమెకు మిగిల్చిన బేరం అది.

"నువ్వు ఎవరి దిక్కున్నవ్ నవీన్?"

"నా కూతురి పక్క. నువ్వు?"

పాప ముద్ద నములుతూ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రమాణాల పుస్తకం ముందేసుకుని మొదటినుంచి చదివింది, పరీక్షకు చదివినట్టు. పెరిగి పుష్పించే మొక్కలు ఎన్ని? ఎన్ని చోట్ల? తగ్గుతున్నాయా? యాభైకి తక్కువైతే అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. రెండోసారి చదివాక గానీ కంటికి ఆనలేదు, ఆ ప్రశ్నల్లో ఎక్కడా తగ్గించింది ఎవరని లేదు. బండ పగలగొట్టే యంత్రమైనా, భూతద్దం పట్టుకున్న చెయ్యైనా, మిగిలినవి నలభై ఏడే. దోషం ఎవరిదో రాసే గడి వేరు, అపాయాలు అనే గడి. నిజం రాస్తే నలభై ఏడు నలభై ఎనిమిది కాదు, దాస్తే నలభై ఆరూ కాదు.

ఆమె రాసింది. అపాయాలు: మొదటిది, నిర్మాణం కోసం బండను పేల్చే ప్రతిపాదన. రెండోది, శాస్త్రీయ సేకరణ. రచయిత్రి మొత్తం సంఖ్య లెక్కించకుండా, కాయ పండకముందు, ఒకే దొన నుంచి అరవై నాలుగు మొక్కలను వేళ్ళతో తీసింది. మరుసటి ఏడాది కనిపించిన తగ్గుదలకు అది కారణమై ఉండవచ్చు. 'ఉండవచ్చు' దగ్గర చాలాసేపు ఆగింది. కొట్టేసి 'కారణమనే భావించాలి' అని రాసింది. పార్థసారథి పేరు తీసేసి పంపించింది.

ఫిబ్రవరిలో పేపరు వచ్చింది. కమిటీకి బిల్డరు ఇచ్చిన జవాబులో మొదటి పేరానే ఆమె వాక్యం. ఈ మొక్కకు ఇంతవరకూ జరిగిన ఏకైక నష్టం ఫిర్యాదుదారు చేతులతోనే జరిగింది, కనుక ఈమె మాటకు విలువ లేదు అని. గిరీష్ దాన్ని గ్రూపులో పెట్టి ఒక్క మాటా రాయలేదు. మిగిలినవాళ్ళు రాశారు. దొంగే పోలీసు అని ఒకరు, పీహెచ్‌డీ అంటే పీకుడు డిగ్రీనా అని ఒకరు. తేజస్విని చదివింది, గ్రూపులోంచి బయటికి రాలేదు. పాప ప్రస్తావన మళ్ళీ వస్తుందేమో చూడటానికి అందులోనే ఉండిపోయింది.

కమిటీ ఏప్రిల్‌లో ఉత్తరం పంపింది. తగ్గుదల ఎవరివల్ల అన్నది ఇక్కడి ప్రశ్న కాదు, మిగిలినవి యాభైలోపే. ఈ వానాకాలం లెక్క తేలేదాకా ఆ బండను తాకరాదు. లెక్కించే వ్యక్తి అక్కడినుంచి ఆకు కూడా బయటికి తీసుకుపోరాదు. తనిఖీ బాధ్యత సైటు భద్రతా సిబ్బందిది. క్లబ్ హౌసు ఆగింది, దానితో పాటు ఫ్లాట్ల తాళాలిచ్చే తేదీ ఏడాది వాయిదా పడింది. నవీన్ ఉత్తరం చదివి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టాడు. పాప సంగతులు తప్ప ఆమెతో వేరే మాట మాట్లాడి మూడు నెలలైంది.

జూలై చివర్లో ఎండా వానా కలిసిన ఒక పొద్దున తేజస్విని బండ దిగి గేటు దగ్గరికొచ్చింది. వీరేశం కుర్చీలోంచి లేచి బల్ల చూపించాడు. ఆమె సంచీ బోర్లించింది. భూతద్దం, నోటుబుక్కు, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా, పాపది ఒక చిన్న సాక్సు. అతను నోటుబుక్కు పేజీలు ఒక్కొక్కటే తిప్పి విదిలించాడు. సాక్సును తిరగదీసి చూశాడు. అందులో తొందరేమీ లేదు, కనికరమూ లేదు.

"ఎన్నున్నయ్?" అన్నాడు.

"యాభై ఎనిమిది," అంది. యాభై దాటిన లెక్క చూసి కమిటీ ఏమంటుందో ఆమెకు తెలియదు.

"పెరిగినయన్నట్టు."

"పదకొండు."

"నువ్వు పీకక పదకొండు." అతను ఆమె ముఖంలోకి చూశాడు. "చెప్పులు ఇప్పు."

ఆమె తడి సిమెంటు మీద నిలబడి రెండు చెప్పులూ విప్పి ఇచ్చింది. అతను వాటిని తిరగేసి, అడుగున అంటిన బురదను పుల్లతో గీకి, వేలితో నలిపి చూశాడు. అందులో మొక్క లేదు. గింజలుంటే కంటికి కనపడవని ఆమెకు తెలుసు. అవి ఇసుక రేణువులకన్నా సన్నగా ఉంటాయి.

"ఆ బురద బయట పారెయ్యకు," అంది. "బండ మీదికి తీసుకపోయి ఆ దొనలోనే కడగాలి. గింజలుండొచ్చు."

వీరేశం చెప్పుల వైపు, ఆమె వైపు చూశాడు. "నా పని గాదు," అని చెప్పులు ఆమె చేతికిచ్చి, బండ వైపు గేటు మళ్ళీ తీశాడు. "పో. నువ్వే కడిగి రా. మళ్ళొచ్చినంక మళ్ళ చూస్త."

ఆమె ఒట్టి కాళ్ళతో బండ వైపు నడిచింది.