జేబులో చేతులు

దేశం దాటి చదువుకోడానికొచ్చి, సర్రీలో మేం నలుగురు స్టూడెంట్లం అద్దెకున్న బేస్‌మెంట్‌లో చిల్లర రిపేర్లన్నీ ఓనర్ పంపే ఒక తెలుగు అంకులే చేసేవారు. కారే కుళాయికి వాషరు మార్చేవారు, ఊగే తలుపుకి స్క్రూలు బిగించేవారు. కరెంటు మాటెత్తితే మాత్రం ఆయన చేతులు రెండూ ప్యాంటు జేబుల్లోకి వెళ్లిపోయేవి.

"నాది హ్యాండీమ్యాన్ లైసెన్సమ్మా. వైర్లు ముట్టుకోకూడదు. దానికి వేరే లైసెన్సు, పైగా పర్మిట్టు."

అంకుల్‌కి కరెంటంటే భయమని చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు వంటగదిలో లైట్లు పోయాయి. ఓనర్ పంపిన లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ గంట వెతికినా తప్పెక్కడో దొరకలేదు. షెల్ఫు బిగించడానికొచ్చిన అంకుల్ అంతసేపూ జేబుల్లో చేతులతో నిలబడి చూశారు. చివరికి ఉండబట్టలేక నన్నడిగారు.

"కెటిల్ ఆన్ చేస్తే లైట్లు మినుకుమనేవా?"

"అవునంకుల్."

"అయితే ఆ ప్లగ్గు వెనక వైరు వదులైంది. ఇప్పి చూడమను" అంటూ గడ్డంతోనే కెటిల్ వైపు చూపించారు.

వదులైందే. లైట్లు వెలిగాయి.

"మీకెలా తెలుసంకుల్?"

"గుంటూరులో ఇరవయ్యేళ్లు ఎలక్ట్రీషియన్నేగా."

"మరి కరెంటు అనగానే ఆ చేతులు జేబుల్లోకెందుకు?"

"బయటుంటే ఆగవమ్మా."