గది అంటే ఏది?

ఆ రోజుల్లో పదో తరగతికి వచ్చిన ప్రతి ఆడపిల్లకూ ఒక ఆదర్శం ఉండి తీరాలనేది మా తెలుగు టీచరమ్మ పట్టుదల. జామెట్రీ బాక్సు లేకపోయినా ఊరుకునేది గానీ ఆదర్శం లేదంటే బెంచీ ఎక్కించేది. "పెద్దయ్యాక ఎవరిలా ఉండాలనుకుంటున్నావు?" అని ఆమె అడగ్గానే తరగతిలో సగం మంది గోడమీద పటాల్లో ఉన్న వీరనారుల వైపు చూసేవాళ్ళు. నాకూ వాళ్ళంటే గౌరవమే, కానీ గుర్రమెక్కి కత్తి తిప్పడం నా వల్ల అయ్యే పని కాదు (సైకిల్ ఎక్కితేనే కోమటి చెరువు కట్ట మీద మోకాళ్ళు పగలగొట్టుకున్నదాన్ని). పైగా వాళ్ళందరూ చివరికి ప్రాణాలు వదిలేశారు. నాకేమో చక్కగా బతికుండి, ఇస్త్రీ చీరలు కట్టుకుని, తీరిగ్గా పుస్తకాలు చదువుకునే ఆదర్శం కావాలి. అలాంటావిడ నాకు ఒక వారపత్రిక సీరియల్లో దొరికింది. ఆవిడ అసలు పేరుతో మనకు పని లేదు. బొమ్మలు గీసే ఆయన వారం వారం ఆవిడ జడను ఇంకాస్త పొడుగు చేస్తూ పోయేవాడు కాబట్టి నేను ఆవిడకు 'జడ' అని పేరు పెట్టుకున్నాను.

మా బాపు, అంటే మా నాన్న, బస్సు కండక్టరు. సిద్దిపేట నుంచి గజ్వేల్ మీదుగా హైదరాబాదు పోయి రావడం ఆయన డ్యూటీ. ప్రయాణికులు సీట్లలో మరిచిపోయిన పత్రికలను, ఎవరూ వెతుక్కుంటూ రాకపోతే, నా కోసం ఇంటికి తెచ్చేవాడు. అంటే ఎవరో ఒక పుణ్యాత్ముడు మతిమరుపుతో బస్సు దిగిన వారమే నా ఆదర్శం జీవితం ముందుకు నడిచేది. మిగతా వారాల్లో ఆవిడకు ఏమయిందో నాకు తెలిసే దారి లేదు. ఒక సంచికలో జడ తన ఆఫీసులో మేనేజరును చెంప మీద కొట్టింది. నాకు దొరికిన తరువాతి సంచికలో అదే మేనేజరు వాళ్ళమ్మకు చెంచాతో మందు తాగిస్తోంది. మధ్యలో ఏం జరిగిందో ఎంత ఆలోచించినా తేలేది కాదు. కొట్టడం ఆదర్శమా, మందు తాగించడం ఆదర్శమా, ఒకవేళ రెండూ అయితే ఏది ముందు చేయాలి అని తల పట్టుకునేదాన్ని.

ఎన్ని సంచికలు పోయినా ఒక్క విషయంలో మాత్రం అయోమయం ఉండేది కాదు. ప్రతి వారమూ ఎక్కడో ఒకచోట జడకు కోపమో దుఃఖమో వచ్చేది. అప్పుడు ఆవిడ "తన గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకుని" కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచేది. ఆ వాక్యం దగ్గరికి రాగానే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఎందుకంటే మా ఇంట్లో కోపం, దుఃఖం, పుస్తకం మూడూ ఉన్నాయి గానీ ధడాలున వేసుకోవడానికి తలుపు లేదు. మేము కిరాయికి ఉన్నది ఖాలా వాళ్ళ ఇంట్లో (ఇంటి ఓనరమ్మను నేనే కాదు, గల్లీ గల్లీ అంతా ఖాలా అనే పిలిచేది). మా భాగానికి వచ్చినవి రెండు అర్రలు, వాటి మధ్య తలుపు లేని దర్వాజా. ముందర్రలో బాపు, ఆయన టికెట్ల సంచి, ఆయన తల్లి బాపమ్మ, బాపమ్మ మంచం. వెనకర్రలో పొయ్యి, వడ్ల గుమ్మి, అవ్వ (మా ఇంట్లో అమ్మను అలాగే పిలుస్తాం), నేను. పుస్తకం పట్టుకుని ఏ మూల కూర్చున్నా, "ఊకెనే కూసున్నవు గదా, గా చింతపండుల గింజలు తియ్యరాదు?" అని ఒక గొంతు వచ్చేది. చదవడమంటే మా ఇంట్లో ఊకెనే కూర్చోవడం కిందికే లెక్క. ఒకసారి ఉక్రోషం ఆపుకోలేక మా ఇంటికి ఉన్న ఒకే ఒక్క తలుపును, అంటే వీధి తలుపును, ధడాలున వేసుకున్నాను. తీరా చూస్తే నేను బయట ఉన్నాను. ఖాలా వాళ్ళ కోళ్ళ మధ్య కాసేపు ఆత్మగౌరవంతో నిలబడి, మళ్ళీ నేనే తలుపు కొట్టి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

ఇక లాభం లేదని, జడ అడిగినట్టే, జడ భాషలోనే హక్కుగా అడిగేద్దామని నిశ్చయించుకున్నాను. అవ్వ వెనకర్రలో చాటలో బియ్యం ఏరుతోంది. నేను నిటారుగా నిలబడి "అమ్మా!" అన్నాను. అవ్వ నా వైపు చూడకుండా వాకిలి వైపు చూసింది, అడుక్కునేవాళ్ళు ఎవరో వచ్చారనుకుని. నేనే పిలిచానని తెలిశాక, "ఏందే, గొంతు గట్లయింది?" అంది. "నాకు ఒక గది కావాలి" అన్నాను. ఇక్కడ మా వైపు కాని వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. సిద్దిపేటలో 'గది' అంటే 'అది'. మీరు గది అనేదాన్ని మేము అర్ర అంటాం. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ నా నోట్లో నలిగేదే, కానీ జడ ఆవహించి ఉండడం వల్ల ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

"ఏది?" అంది అవ్వ.

"గది."

"గదే, ఏదని అడుగుతున్న."

"గదేనమ్మా."

"నోట్లె బుక్క వెట్టుకున్నట్టు గది గది అంటవేందే? పేరు లేదా దానికి?"

"దాని పేరే గది."

అవ్వ చాట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. పేరు పలకడానికి సిగ్గేసే వాటిని, నలుగురిలో అనకూడని వాటిని మా ఆడవాళ్ళు 'గది' అనే చెప్పుకుంటారు. పాపం ఆమె గొంతు తగ్గించి, "ఎవలు చెప్పిన్రే నీకు గది?" అని అడిగింది. "ఎవరూ చెప్పక్కర్లేదు. నా వయసు వాళ్ళకు ఉండాలి. నా ఒక్కదానికే ఉండాలి. ఇంకెవరూ దాని జోలికి రాకూడదు" అని, జడ అయితే ఇంకేమంటుందా అని ఒక్క క్షణం ఆలోచించి, "ఇది నా జీవితానికి సంబంధించిన విషయం" అని కూడా అన్నాను.

దర్వాజా అవతల మంచం మీద నుంచి బాపమ్మ ఇదంతా విన్నది. ఆమె జీవితంలో దేని గురించీ అనుమానపడి ఎరుగదు. "గింత గూడ సమజ్ గాలేదానె నీకు?" అంది అవ్వతో. "ఆడివిల్ల నోరు తెర్సి గది గావాలె, నా ఒక్కదానికే ఉండాలె, ఇంకెవ్వలు జోలికి రావద్దు అన్నదంటే ఏందది? సంబంధం! పిల్లకు లగ్గం మీదికి మనసు వోయింది." నేను అప్పటికే హక్కు అడిగేసిన ఊపులో బయటికి నడిచి వెళ్ళిపోయాను కాబట్టి ఈ తీర్పు నా చెవిన పడలేదు. (పడి ఉంటే నేను ఇప్పుడు రాయడానికి ఏమీ మిగిలేది కాదు.)

బాపు డ్యూటీ దిగి వచ్చేసరికి అవ్వ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బాపమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి నన్ను దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, గది... నిజంగనే కావాల్నా?" అని అడిగాడు. అయ్యో, బాపు ఎంత మంచివాడు, అడగ్గానే ఆలోచిస్తున్నాడు అనుకున్నాను. "కావాలి నాన్నా." "ఇప్పుడేనా?" "పరీక్షల లోపల అయితే బాగుంటుంది." బాపు మంచం మీద కూలబడ్డాడు. "ఏడనన్న చూసి పెట్టుకున్నవా?" అన్నాడు. ఖాలా వాళ్ళ పెరట్లో మూలన ఒక చిన్న అర్ర ఖాళీగా పడి ఉండేది, అందులో ఉల్లిగడ్డలు ఆరబోసేవాళ్ళు. నా కన్ను ఎప్పటినుంచో దాని మీదే. "చూశాను. ఖాలా వాళ్ళ ఇంటి వెనక. ఉల్లిగడ్డలు..." అన్నానో లేదో బాపమ్మ అందుకుంది. "ఆఁ, వెనక సందుల ఉల్లిగడ్డల యాపారమోళ్ళు! తిండికి లోటుండది. నడువు, రేపే పోయి అడుగు." అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు నా వైపు చూడకుండా, "గీ కతల పుస్తకాలే చెడగొట్టినయ్. నేనే తెచ్చి నా బిడ్డను ఖరాబు చేసిన. రేపటి సంది తేను" అన్నాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉల్లిగడ్డలు ఆరబోసే అర్ర అడిగితే ఇంట్లో ఇంత శోకమా? కిరాయి ఎక్కువవుతుందని భయమా? ఖాలాకు మాకు ఏమైనా తగాదా ఉందా? ఎవర్ని అడిగినా కళ్ళు తిప్పుకునేవాళ్ళే. మొదట్లో కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఆదర్శం పెట్టుకున్నవాళ్ళు కష్టాలు పడాలి కదా అని. కానీ ఆ మరుసటి రోజు బాపు ఉత్త చేతులతో వచ్చాడు. ఆ తరువాత కూడా అంతే. అప్పుడు నా గర్వం నీరుగారిపోయింది. నాకు దొరికిన ఆఖరి సంచికలో జడ కుర్చీలో కూర్చుని వణికే చేతులతో ఏదో కవరు చింపుతోంది. ఆ కవరులో ఏముందో ఈ జన్మకు తెలియదు అనుకుంటే గుమ్మి వెనక దూరి వెక్కి వెక్కి ఏడ్చాను. నా ఏడుపు విని బాపమ్మ, "చూసిన్రా, ఆగలేకపోతుంది" అంది.

కూతురి మీద బెంగ పట్టలేక అవ్వ చివరికి ఖాలా దగ్గరికి పోయింది, వెనక సందు వాళ్ళు ఎలాంటివాళ్ళో చాటుగా కనుక్కుందామని. ఖాలా ఏదీ చాటుగా వినే మనిషి కాదు. "క్యా? గీ పోరికి షాదీయా? గిప్పుడా? ఎవలు చెప్పిన్రమ్మా నీకు? పిలువు దాన్ని!" అని కేకేసింది. నేను కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. ఖాలా నా గడ్డం పట్టుకుని, "బేటీ, క్యా హోనా తుజే? సీదా బోల్" అంది. నేను తెలుగులో అడిగి అడిగి అలిసిపోయి ఉన్నాను. మా గల్లీ పిల్లలందరికీ వచ్చిన ఆ వచ్చీ రాని ఉర్దూలోనే, "ఏక్ కమ్రా హోనా ఖాలా. పఢ్‌నేకు" అన్నాను.

ఖాలా ఒక్క నిమిషం నా ముఖం చూసి, తరువాత అవ్వ ముఖం చూసి, స్తంభం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అరె అల్లా! కమ్రా అడుగుతుందమ్మా నీ బిడ్డ! కమ్రా, కమ్రా! సదువుకుంటానికి అర్ర!" అవ్వ నోరు తెరిచి, "అర్రనా?" అంది. "అర్రనే" అన్నాను. "అర్రను అర్ర అనక, గది అంటరానె ఎవలన్న?" అని అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది, వేసిన చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుంది. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన తెలుగు మా తల్లీ కూతుళ్ళ మధ్య తెగిపోతే ఖాలా తన ఉర్దూతో ముడివేసింది. నా ఉల్లిగడ్డల వ్యాపారి కథ కూడా అప్పుడే నాకు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోదామనిపించింది, బాపు ముఖం ఎలా చూడాలో తెలియక ఆ రాత్రి అన్నం కూడా తల వంచుకునే తిన్నాను.

ఉల్లిగడ్డల అర్ర మాత్రం నాకు రాలేదు, ఉల్లిగడ్డలకు వేరే జాగ లేదంది ఖాలా. కానీ మరునాడు బడి నుంచి వచ్చేసరికి వెనకర్రలో గుమ్మి పక్కన మూలకు అడ్డంగా అవ్వ పాత ఎర్రచీర ఒకటి తాడు మీద వేలాడుతోంది. లోపల ఒక గోనెపట్టా, దాని మీద బాపు తెచ్చిన కొత్త సంచిక. "ఇగో, నీ గది" అంది అవ్వ, ఆ మాటను రెండు చేతులతో పట్టుకున్నంత జాగ్రత్తగా. చీరను ధడాలున వేసుకోవడం కుదరదు గానీ, ఆ ఎర్రటి వెలుగులో కూర్చుంటే చింతపండు గొంతు నన్ను వెతుక్కుంటూ వచ్చేది కాదు. ఒకరోజు బడి తొందరగా వదిలేశారు. ఇంటికొచ్చి "అవ్వా!" అని పిలిస్తే చీర వెనక నుంచి, "గదిల ఉన్న" అని జవాబొచ్చింది. తొంగి చూస్తే, చదువు రాని మా అవ్వ కాళ్ళు బార్లా చాపుకుని, పత్రిక ఒళ్ళో పెట్టుకుని జడ బొమ్మ చూస్తోంది. "ఊకెనే కూసున్న" అంది, కొంచెం సిగ్గుపడి. అప్పటినుంచి సీరియల్ నేను పైకి చదవడం, ఆమె వినడం మొదలైంది.

సీరియల్ ఆఖరి భాగం అదృష్టవశాత్తూ ఎవరో బస్సులో మరిచిపోయారు. జడ ఆ మేనేజరునే పెళ్ళి చేసుకుని, ఉద్యోగం మానేసి, నవ్వుతూ కారెక్కి వెళ్ళిపోయింది. శుభం. నేను పత్రిక మూసి, ఇది సంతోషించాల్సిన సంగతో ఏడవాల్సిన సంగతో తెలియక అవ్వ వైపు చూశాను. అవ్వ "గంతేనా?" అంది. తరువాత మండిపడి, "మరి గా అర్ర ఎవలకిచ్చిందట?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ రచయితకు తట్టలేదు, నాకూ తట్టలేదు. టీచరమ్మ మళ్ళీ ఆదర్శం ఎవరని అడిగినప్పుడు నేను నేరుగా బెంచీ ఎక్కాను. చెప్పాలనుకున్న మనిషి పేరు పక్కన చేసిన పనేమిటో రాయాలంటే, 'ఒక ప్రశ్న అడిగింది' అని తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

నేను డిగ్రీలో ఉండగా బాపు ఊరి అంచున చిన్న ఇల్లు కట్టాడు. సామానంతా వ్యానులో ఎక్కించాం. బాపమ్మ మంచం, ఖాళీ గుమ్మి, నా పుస్తకాల పెట్టెలు అన్నీ ఎక్కాయి. కళ్ళు తుడుచుకుంటున్న ఖాలాకు దండం పెట్టి నేను వ్యాను దగ్గరికి వస్తుంటే, ముందే ఎక్కి కూర్చున్న అవ్వ, "అన్ని సరే గని, గది తెచ్చినవా?" అని అరిచింది. "ఏదవ్వా?" అన్నాను. "గదే!" "గదే, ఏదని అడుగుతున్న!" అని నేను నడిరోడ్డు మీద విసుక్కున్నాను. అవ్వ నా వంక జాలిగా చూసి, దిగి లోపలికి వెళ్ళి, రంగు వెలిసిన ఎర్రచీరను నాలుగు మడతలు పెట్టి పట్టుకొచ్చింది. "కాలేజీల తెలుగే సదువుతున్నవంటివి. గది అంటే ఏందో గూడ తెల్వదా?" అంది. నాకు నిజంగానే తెలియలేదు. కొత్త ఇంట్లో నాకు తలుపున్న అర్ర ఉంది, కిటికీ కూడా ఉంది. అయినా ఆ దారంతా నా గదిని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.