చెదిరిన పడుగు

నా చిన్నప్పుడు చేసిన తప్పుల్లో చాలావాటికి వయసును సాకుగా చెప్పుకోగలను. ఆ వేసవి ఉదయం చేసినదానికి మాత్రం చెప్పుకోలేను. చెడగొట్టినందుకు కాదు, నోరు మూసుకున్నందుకు.

విరుదునగర్ దగ్గర మా నేతకారుల వీధిలో తెల్లవారగానే పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధి పొడవునా చాచి గంజి పట్టించేవారు. వేల పోగులు వరుస తప్పకుండా మధ్యలో రెండు వెదురు పుల్లలు గుచ్చేవారు. ఒక పోగు పుల్ల మీదుగా, పక్కది కిందుగా పోతుంది. బిళ్ళంగోడుకు కర్ర కావాలని, ఎవరూ చూడనప్పుడు ఆ పుల్లలు రెండూ లాగేశాను. పెద్దవాళ్లు వచ్చి పడుగు కదిపేసరికి ఎరుపూ పసుపూ కలిసిపోయాయి.

ఆ పడుగుతోనే పక్కింటి అక్క మొదటిసారి మగ్గం ఎక్కాలి. చీర అంచుల రంగులు తనే కూర్చింది. పుల్లల కాపలా కూడా తనదే. మా తాతయ్య వీధి అందరి ముందూ, "పుల్ల కాయలేనిదానికి మగ్గం ఎందుకమ్మే?" అన్నాడు. అక్క తల వంచుకుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నం అక్క అరుగు మీద పోగులు విడదీస్తోంది. క్షణంలో చెడింది బాగవడానికి రోజులు పడుతుందంటున్నారు, ఎందుకని అడిగాను.

"సరిగా నిలిచేదానికి ఒకటే వరుస రా. కలిసిపోయేదానికి లెక్కలేనన్ని," అంది. తల ఎత్తకుండానే, "నీ సొక్కాకి గంజి ఉండాది. కడుక్కో, మీ తాత సూస్తాడు," అంది.

పెద్దయ్యాక కోవిల్‌పట్టిలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. క్రమం చెదరడం గురించి అక్క మాటకన్నా తేలికైన మాట నాకు దొరకలేదు. చీర మధ్యకు మడిస్తే అంచు మీద అంచు సరిపోయేలా అక్క రంగులు కూర్చింది. స్ఫటికాన్ని తిప్పి చూసే శాస్త్రం వెతికేదీ ఆ సరిపోలికనే, సౌష్ఠవాన్నే.

ఆ మధ్యాహ్నం మాత్రం నాకు తెలిసింది ఒకటే, అక్క అన్నీ తెలిసే నన్ను కాస్తోందని. చొక్కా కడుక్కోకుండానే తాతయ్య దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కొట్టలేదు. "నాకు సెప్తే సాలదు. వీదిలో సెప్పు," అన్నాడు.

మర్నాడు గంజి వేళకు అందరూ చేరాక, పుల్లలు లాగింది నేనేనని చెప్పాను. వరుస మళ్లీ కుదిరేదాకా రోజూ అక్క పక్కన కూర్చుని పోగులు విడదీశాను. అక్క ఆ పడుగుతోనే మగ్గం ఎక్కింది.

ఇప్పటికీ నా వల్ల ఎవరైనా మాట పడితే, నలుగురిలో పడిన మాటను నలుగురిలోకే వెళ్లి నా మీద వేసుకుంటాను. చాటుగా క్షమాపణ చెప్పి ఊరుకోను.