ఏ లోటూ లేదని చెప్పొచ్చిన మనిషిని

మాది నౌపడకు దిగువన, సముద్రం వైపు ఊరు. పిల్లలు టెక్కలి కాలేజీకి వెళ్లే పొద్దుటి బస్సు ఆగిపోయి నెల దాటింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న మా పాప ఇక మానేస్తానంది. అంతలో ఊళ్లోకి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. బస్సు సంగతి అడిగే పని అందరూ కలిసి నాకు అప్పజెప్పారు.

మా దగ్గర ఎవరొచ్చినా ముందు కొబ్బరిబొండాం చేతికివ్వాలి. ఇచ్చాను. ఆయన తాగి, "ఊళ్లో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగాడు. మైకు నా చేతిలో పెట్టారు. అంతే, భయం పట్టుకుంది. ఇంటికొచ్చిన చుట్టంతో అనే మాటే నోట్లోంచి ఊడిపడింది. "ఏ లోటూ లేదండి, మీ దయ." ఆయన సంతోషంగా జీపెక్కి వెళ్లిపోయాడు.

"ఇంటికాడ నామీద ఇంతెత్తున లేత్తావు. ఆయన ముందర పిల్లినాగ అయిపోనావేటి?" అని మా ఆవిడ కడిగిపారేసింది. పాప మాత్రం పుస్తకాలన్నీ తీసి అటకెక్కించేసింది. దాంతో నామీద నాకే ఒళ్లు మండింది.

పలాసలో ఒక ట్యుటోరియల్ మేడమీద ఆదివారాలు నలుగురిలో మాట్లాడటం నేర్పే క్లబ్బు ఉందని మా బావ చెప్పాడు. సిగ్గుపడుతూనే రైలెక్కాను. ఆరోజు ఒక నర్సమ్మ తన పేరు చెప్పడానికే మూడుసార్లు తడబడింది. అమ్మయ్య, నేనొక్కణ్ణే కాదన్నమాట! క్లబ్బు నడిపే రిటైర్డ్ మాస్టారు నా రోగం ఇట్టే పట్టేశాడు. "మరియాదలు తరవాత. కావలసింది ముందు సెప్పీ" అన్నాడు. నేను నమస్కారాలు మొదలెట్టినప్పుడల్లా బల్ల మీద చరిచేవాడు. ఆరు ఆదివారాలు చరిచాడు మహానుభావుడు!

తర్వాత టెక్కలిలో అర్జీలు తీసుకునే రోజున వెళ్లాను. ఎదురుగా అదే అధికారి. "అయ్యా, మా ఊరికి పొద్దుటి బస్సు కావాలి" అనేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆమధ్య ఏ లోటూ లేదన్నది మీరే కదా?"

హాలంతా నావైపే చూస్తోంది.

"నేనేనండి. భయమేసి అబద్ధమాడీసినాను. బస్సు నేక మా పాప సదువు మానేత్తానంటంది. మా ఊరి ఆడపిల్లలు ఇంకో నలుగురు కూడా."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వి, కాగితం మీద ఏదో రాసి, పక్కనున్న డిపో మనిషి చేతికిచ్చాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎంత తేలికైందో చెప్పలేను.

నాలుగో రోజు పొద్దున్న బస్సు వచ్చింది. హారన్ వినపడగానే పాప సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది.

"ఇంత గబుక్కున పుస్తకాలు ఎప్పుడు సర్దిందే?" అని మా ఆవిడను అడిగాను.

"నువ్వు టెక్కలి బయల్దేరిన రోజే సర్దీసింది" అంది.