అప్పకి చెప్పాల్సిన మాట

విజయనగరంలో నా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు, కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. భోగాపురం దగ్గర ఒక సముద్రపొడ్డు పల్లె ఆమెది. ఎయిర్‌పోర్టు పక్కన స్థలాలు కొని లాభం పంచుతామన్న ఒక కంపెనీకి ఆ పల్లెలో ఆమే ఏజెంటు. కంపెనీ మూతపడింది. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల తరఫు లాయరును నేను.

“బాబూ, నన్ను జైల్లో ఎయ్యడానికి ఏ సెక్షనున్నాది?” అని అడిగింది.

బెయిలు కోసం వచ్చేవాళ్లే తప్ప, అలా అడిగినవాళ్లను నేనెన్నడూ చూడలేదు. ఉన్న సంగతి చెప్పాను. అందరి డబ్బూ ఒకచోట చేర్చి, తామే నడిపి లాభం ఇస్తామనే కంపెనీ ఏదైనా ముందు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి. వీళ్లు తీసుకోలేదు. అది ఆమెకు తెలియదు. తన గాజులమ్మి తానూ కట్టింది. అందుకే పోలీసులు ఆమెను నిందితురాలిగా కాక సాక్షిగా రాసుకున్నారు.

“అయితే నా తప్పు ఎవులు సూస్తారు?”

అప్పుడు పక్కింటావిడ సంగతి చెప్పింది. ఎండుచేపలమ్ముకునే మనిషి. ఈమె ఆవిడను అక్క వరసలో అప్పా అని పిలిచేది. సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగిరాని భర్త తాలూకు పరిహారం మొత్తం ఈమె మాట మీదే కంపెనీలో పెట్టింది. కేసు నడుస్తుండగానే జ్వరమొచ్చి పోయింది.

“పొద్దున్న ఒడ్డుకెల్తే వలల కాడ నిలబడుంటాది బాబూ, గంప సంకనెట్టుకుని. తిట్టదు. ‘ఏటే, వొచ్చిందా?’ అని అడుగుతాది.”

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ తర్వాత వాయిదాలకు వెళ్లి, బాధితుల పేర్లు చదివేటప్పుడు ఆవిడ పేరు దగ్గరకొచ్చేసరికి తలెత్తి కోర్టు తలుపు వైపు చూసేవాణ్ని.

సాక్ష్యం రోజున జడ్జిగారు, “డబ్బు కట్టమని మీ ఊరివాళ్లకు ఎవరు చెప్పారు?” అనడిగారు. డైరెక్టర్ల పేర్లు చెబుతుందనుకున్నాను.

“నానే” అంది.

పల్లెవాళ్లు వెనకే నిలబడి ఉన్నారు. చాలాకాలంగా వాళ్లు ఆమెతో మాట్లాడటం లేదు.

చివరికి కంపెనీ భూములు వేలం వేశారు. కట్టినదంతా కాకపోయినా కొంత వెనక్కి వచ్చింది. చనిపోయినావిడ వాటా పాతపట్నంలో కాపురముంటున్న కూతురి ఖాతాలో పడింది. ఆ మాట కూతురికి తన నోటితోనే చెప్పాలని ఈమె పట్టుబట్టింది. ఒంటరిగా వెళ్లడానికి కాళ్లు రావడం లేదంటే నేనూ వెంట వెళ్లాను.

ఆ పిల్ల మమ్మల్ని గుమ్మంలో చూసి, “మాయమ్మ నిన్నొక్క మాటా అన్లేదు పిన్నీ. ఏటిలా సిక్కిపోనావు?” అంది.

ఆమె ఏడవడం అప్పుడే చూశాను. తిరుగు దారంతా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫోను వచ్చింది.

“డబ్బొచ్చిందని సెప్పేసినాను బాబూ. అప్ప ఇనింది.”

“ఏమంది?”

“ఏటీ అన్లేదు. ఎల్లనూ లేదు. అలా నిలబడే ఉన్నాది.”

అలల చప్పుడు వినిపిస్తోంది. ఫోను పెట్టేయడానికి నాకు మనసొప్పలేదు.