పంటి నరం అన్నారు, పెదవి నరం అనుకున్నాడు

అతను బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఇంటికి అన్నం పెడుతున్నవి అతని రెండు పెదవులే. కింది దవడ పన్ను నాలుగు రోజులుగా ప్రాణం తోడేస్తున్నా పంటిబిగువున భరించాడు. ఐదో రోజు భార్య ఊరుకోలేదు, పళ్ల డాక్టరు దగ్గరికి తరిమింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది. "పుచ్చు లోపలిదాకా పోయింది. రూట్ కెనాల్ చేసి నరం తీసేద్దాం."

నరం అన్న మాట వినగానే అతను పెదవులు తడుముకున్నాడు. నరం పోతే పెదవి పడిపోదూ? పడిపోయిన పెదవితో ఏం ఊదుతాడు? "ఇప్పుడే వస్తానమ్మా" అని లేచినవాడు మళ్లీ ఇంట్లోనే తేలాడు.

"పారిపోయొచ్చారా?" అంది భార్య.

"నరం తీసేస్తారటే! మూతి వంకరపోతే?"

"ఆ మాటే ఆవిడ్ని అడగలేకపోయారా?"

అడగలేదు. రెండో రోజు తెల్లారేసరికి దవడ కింద వాపు రాయిలా గట్టిపడింది. నోట్లో రెండు వేళ్లు పట్టడమే గగనమైంది. ఒళ్లు కాలిపోతోంది. భార్య తాళం చెవి తీసుకుని గుమ్మం దిగింది. చెప్పులేసుకుని ఆమె వెనకే నడిచాడు.

డాక్టరమ్మ దవడ తడిమింది. "ఊపిరి బాగా ఆడుతోందా? మింగగలుగుతున్నారా?" రెండింటికీ అవునన్నట్టు తలూపాడు. "ఇంకొక్క రోజు ఆగుంటే పెద్దాసుపత్రికి పంపేదాన్ని. ముందు చీము తీసేయాలి."

సూది కనిపించగానే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మా... నేను ట్రంపెట్ వాయిస్తాను. నరం తీస్తే మూతి పనిచేస్తుందా?"

ఆమె సూది పక్కన పెట్టేసింది. రెండుగా తెరుచుకునే ప్లాస్టిక్ పన్ను తెచ్చి చూపించింది. "నరం అనేయడం మాకు అలవాటైపోయిందండీ. విడమరిచి చెప్పాల్సింది. ఇదిగో, పన్ను లోపలుండే ఈ మెత్తటి కండ, ఇదే కుళ్లింది. వాపు తగ్గాక దాన్ని తీసి, ఈ సన్నటి దారుల్ని శుభ్రం చేసి మూసేస్తాం. పైన క్యాప్ పెడతాం. పెదవికెళ్లే నరం వేరు, ఎముకలో ఇంకా కిందుంటుంది. దాని జోలికి పోం. మత్తు సూదికి మాత్రం పెదవి మొద్దుబారుతుంది. మూడు నాలుగు గంటల్లో తిరిగొస్తుంది."

చీము తీయించుకుని ఇంటికొచ్చాక గడియారం ముందు కూర్చున్నాడు. సూది వేసి మూడు గంటలైంది. గిల్లుకుంటే పెదవి వేరే ఎవరిదోలా ఉంది. నాలుగు దాటింది. "రాలేదే" అన్నాడు. భార్య అతని చెయ్యి పట్టుకుంది. మరో పావుగంటకి పెదవి కొసన చీమలు పాకినట్టయింది. అతను పైకే ఏడ్చేశాడు.

తర్వాత మరో మూడుసార్లు వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా ఆమె అన్న ప్రతి మాటకీ అర్థం చెప్పించుకున్నాకే నోరు తెరిచాడు. క్యాప్ పెట్టించుకున్న వారానికి ఊరేగింపులో ట్రంపెట్ ఎత్తాడు. పై స్వరం రెండుసార్లు జారింది. మూడోసారి నిలబడింది.