మా షట్టరు ఫోన్లకెక్కిన ముచ్చట

జర దగ్గరికి జరిగి కూసోన్రి. ఫోన్లు పక్కకు పెట్టున్రి అందామంటే ఈ ముచ్చటే ఫోనుది. సరే, చేతుల పట్టుకునే ఇనున్రి.

మాది నాచారంల ఒక సందుల ఇల్లు. మీద మేముంటం, కింద కారు పెట్టుకునే జాగ, దానికి రోడ్డు దిక్కు ఇనుప షట్టరు. మా ఆయన ఇక్కడి ఫ్యాక్టరీలనే మిషిన్ల మీద పనిజేసి రిటైరైండు. కొడుకు పని మీద ఊర్లు తిరుగుతుంటడు. కోడలు ఉప్పల్ అవతల ఆఫీసుకు కారుల పోయొస్తది. పొద్దుగూకంగ సందు మలుపుల ఆమె హారన్ ఇనబడితే సాలు, ఈయన తాగే చాయ్ ఆడనే ఇడిసి కిందికి ఉరుకుతుండె. వంగి ఒక్క గుంజుడు గుంజితే షట్టరు గడగడ మీదికి పోతుండె. ఆమె కారు దిగి "థాంక్స్ మావయ్యగారూ" అంటే ఆయన మొఖం సూడాలె, పండుగే.

గట్లుండంగ ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి మీదికి లేవది. "ఇంక షట్టరు లేపిన్రంటే ఆపరేషనే" అని దవాఖానల డాక్టరు గట్టిగనే చెప్పిండు. ఈయన బుద్ధిమంతుని లెక్క తలూపిండు. సాయంత్రం హారన్ ఇనబడంగనే మళ్ల ఉరికిండు.

"ఏందయ్యా, డాక్టరు మాట చెవులకెక్కలేదా?" అన్న.

"ఆయన కుడిచెయ్యి గురించి చెప్పిండే. నేను ఎడమచేత్తోని లేపుత తియ్."

ఎడమది సాలక కుడిది గూడ ఏసిండు. ఆ పూట అన్నం ముద్ద నోటికాడికి తేలేకపోయిండు.

మా కోడలు గోదావరి దిక్కు పిల్ల. ఎప్పుడు నవ్వుకుంటనే మాట్లాడుతది. ఆ దినం కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. "నా కారు కోసం మీ చెయ్యి పోతే నేను తట్టుకోలేను మావయ్యగారూ. షట్టరుకు మోటారు పెట్టిద్దాం. ఫోన్లో నొక్కితే అదే లేస్తుంది. ఎక్కడున్నా లేపొచ్చు."

"ఇంట్ల మనిషిని నేనుండంగ షట్టరు ఫోను మాట ఇనుడేంది? రేపు దొంగలు గూడ నొక్కుతరు."

"పాస్‌వర్డు ఉంటుందండీ. దొంగలకెలా తెలుస్తుంది?"

"మీ మామకే ఆయన పాస్‌వర్డు యాదికుండదు బిడ్డా, ఇంక దొంగకేం తెలుస్తది" అన్న నేను.

మస్తు అలిగిండు. ఆఖరికి ఒక షరతు పెట్టిండు. "ఒక్కసారి మొరాయించినా పీకిపారేస్త. మళ్ల నేనే లేపుత." నాకు గుబులైంది. ఆ మోటరు నిలబడితేనే ఈయన భుజం నిలబడతది.

రామంతాపూర్ నుంచి మెకానిక్ వచ్చి మోటరు బిగించిండు, పక్కన వైఫై డబ్బ పెట్టిండు. కింద రెండు పక్కల గోలీలంత గాజు కండ్లు పెట్టిండు. "అమ్మా, ఈ కన్ను ఆ కన్నును సూస్తుంటది. నడుమల పిల్లనో కుక్కనో అడ్డమొస్తే షట్టరు దిగదు" అని చెప్పిండు. కోడలు మీది అంతస్తుల కూసోని ఫోన్ల నొక్కితే కింద షట్టరు సప్పుడు లేకుంట లేసింది, దిగింది. మా ఆయన "ఊ" అని మొఖం తిప్పుకున్నడు.

తెల్లారి కోడలు ఆఫీసుకని కారు బయటికి తీసి నొక్కింది. షట్టరు జానెడు దిగింది, ఆగింది, మళ్ల మీదికి పోయింది. ఎన్నిసార్లు నొక్కినా గంతే. మా ఆయన "చెప్పిన గదా" అంటడనుకున్న. అనలేదు. మొఖం చిన్నగ చేసుకున్నడు. "జరుగున్రి, నేను గుంజుత" అని చెయ్యి సాపిండు. నేను అడ్డం పోయి నిలబడ్డ.

కోడలు మెకానిక్‌కు ఫోన్ చేసింది. "కంటికేమన్న అడ్డముందా సూడున్రి" అన్నడు. వంగి సూస్తి. రెండు కండ్లకు పసుపు రాసి, నడుమల ఇంత కుంకుమ బొట్టు! మోటరుకు బొట్టు, వైఫై డబ్బకు నిమ్మకాయ. నేను పెట్టలేదు, కోడలు పెట్టలేదు.

"ఏందయ్యా ఇది?"

"కొత్త మిషిన్ గదనే. ఫ్యాక్టరీల బొట్టు పెట్టకుంట కొత్త మిషిన్ స్విచ్ ఏసెటోళ్లమా?"

"బొట్టు కంట్ల పెడతరా ఎవలన్న?"

"దానికి నుదురు ఏడున్నదో నాకు దొరకలే."

కోడలు నవ్వు ఆపుకోలేక కారుకు ఆనుకున్నది. "పీకిపారేస్తానన్న మనిషి పూజ చేస్తారా మావయ్యగారూ?"

ఆయన గోడ దిక్కు సూసుకుంట, "మంచిగ పనిజెయ్యాలె గదా, నీ కారుకు" అన్నడు.

ఆమె వంగి చున్నీ కొసతోని షట్టరు రెండు కండ్లు తుడిసింది. షట్టరు ఆగకుంట నేల దాక దిగింది. ఆడనే నిలబడి ఆయన ఫోన్ల గూడ ఆ షట్టరు యాప్ ఏసి, "ఇక రోజూ మీరే తియ్యాలి, నేను నొక్కను" అని ఫోను చేతుల పెట్టి పోయింది.

మొన్న మౌలాలిల ఆడపడుచు ఇంటికి పోయినం. కూసొని ముచ్చట పెడుతుంటే కోడలి ఫోనొచ్చింది. "సందులోకొచ్చానండీ." ఈయన అద్దాలు పెట్టుకోని ఒక్క ఏలుతోని నొక్కిండు.

"ఏం చేస్తున్నవన్నా?" అని ఆడపడుచు అడిగింది.

"మా ఇంటి షట్టరు తీస్తున్న."

"ఈడికెళ్లా! మౌలాలి నుంచా!"

"ఆ, ఈడికెళ్లే" అని ఫోను చెవికి పెట్టుకోని, "తీసిన బిడ్డా, మెల్లగ రా లోపలికి" అన్నడు.

మీ ఇండ్లల్ల గూడ బయటికి పోయినోళ్లు సుకంగ మర్లి రావాలె, వాళ్లకు తలుపు తీసే చేతులు నొప్పి లేకుంట సల్లగుండాలె.